ముగ్గుపిండి బాణం

ఐదున్నర అంటే ఐదున్నరే. ఐదూ నలభై కాదు, ఆరు అసలే కాదు. వీళ్ళ లెక్కలో ఐదున్నర అంటే ఆరున్నరకి కళ్ళు తెరిచి, ఏడుకి ఓ మెసేజ్ పడేసి, మళ్ళీ ముసుగు తన్నడం. సారీ అంకుల్, అలారం మోగలేదంకుల్. ఆ అలారం ఒక్క ఆదివారాలే ఎందుకు మోగదో, సోమవారం ఆఫీసు బస్సు వేళకి మాత్రం ఎలా మోగుతుందో ఎవరైనా వివరంగా చెబితే వినాలని ఉంది రామ్మోహనరావుకి. అమీర్‌పేటలో మైత్రీవనం ఎదురుగా, షట్టర్ దించి ఉన్న చెప్పుల దుకాణం మెట్టు మీద నిలబడి ఉన్నాడాయన. భుజాన సంచి, తలకి నూలు టోపీ, కాళ్ళకి రిటైరైన ఏడాది కొన్న కాన్వాసు బూట్లు. టైము ఐదూ యాభై రెండు. రోడ్డు వారన పదహారు సీట్ల వ్యాను ఆగి ఉంది, పదహారు సీట్లూ ఖాళీ, స్టీరింగు మీదకి కాళ్ళు చాపుకుని డ్రైవర్ సాయిలు కునుకు తీస్తున్నాడు. తొమ్మిది మంది వస్తామన్నారు. గురువారం నాడే అన్నారు, అదేదో ఘనకార్యంలాగా ఒకరి తర్వాత ఒకరు ‘నేను కూడా’ ‘నేను కూడా’ అని. ఇప్పుడు చూడబోతే తెలిసిన తల ఒక్కటీ లేదు. కనపడుతున్నవన్నీ పరాయి తలలే. హాస్టళ్ళ మెట్లు దిగి పళ్ళయినా తోముకోకుండా టీ బండి చుట్టూ మూగిన కుర్రాళ్ళు. గోడ మీద నిన్నటి జావా కాగితం పైన ఇవాళ్టి టెస్టింగ్ కోర్సు కాగితం అంటిస్తున్న మనిషి, పక్కన బంక బకెట్టు. నలభై ఐదు రోజుల్లో నేర్పిస్తారట, ఉద్యోగం ఖాయమట. నలభై ఐదు రోజుల్లో ఈ తరానికి బూటు లేసు ఊడకుండా కట్టుకోవడం నేర్పించండి చాలు, దండం పెడతాను. బల్కంపేట వైపు నుంచి మైకులో అమ్మవారి పాట గాలికి వచ్చీ రాకుండా వస్తోంది. ఆషాఢం. ఇక నెలంతా ఇంతే.

“సార్, ఇంకెంతసేపు?” సాయిలు కళ్ళు తెరవకుండానే అడిగాడు. “గీడ ట్రాఫికోడొస్తే బండి తియ్యమంటడు.”

“వస్తారయ్యా. దారిలో ఉండుంటారు.”

“గట్లనే అంటరు సార్. ఫోన్ల దారి, ఇంట్ల మంచం.”

నవ్వు రాలేదు రామ్మోహనరావుకి. దారి గురించి తనకే చెబుతున్నారు అందరూ. ముప్ఫై నాలుగేళ్ళు సర్వే ఆఫీసులో బల్ల మీద వంగి దారులు గీసిన మనిషికి. కాలిబాట అయితే చుక్కల గీత, బండిబాట అయితే విరుపుల గీత, గుట్ట అయితే ఒకదాని చుట్టూ ఒకటి వేలిముద్రలాగా సన్నటి గీతలు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరం దూరంగా ఉంటే ఏటవాలు. బందరు పక్కన పుట్టి గుట్ట అనేదాన్ని ఎరగని మనిషి, ఉప్పు నేలా సముద్రపు పాయా తప్ప ఎత్తు తెలియని మనిషి, ఈ ఊరొచ్చి ఈ ఊరి చుట్టుపక్కల గుట్టలన్నిటికీ గీతలు గీశాడు. మౌలాలీ, ఖాజాగూడ, భువనగిరి, అనంతగిరి, రాచకొండ. ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కడానికి ఎవరు పంపారు గనక, కొలిచేవాళ్ళు వేరు, గీసేవాళ్ళు వేరు. రిటైరైన మర్నాడు పొద్దున భార్య అరుణాదేవి కాఫీ ఇచ్చి, ఇవాళ ఏం చేస్తారు అని అడిగితే, మౌలాలీ ఎక్కుతాను అన్నాడు. మతి పోయిందా అంది. ఎక్కాడు. పైన నిలబడితే తను గీసిన గీత కాళ్ళ కింద రాయిగా ఉంది, సరిగ్గా తను గీసిన చోటే వంపు తిరిగి ఉంది, ఏడుపొచ్చినంత పనయింది. ఆ ముక్క కాలనీలో ఒకడికి చెబితే వాడి కొడుకు వస్తానన్నాడు, వాడి ఆఫీసులో ఇంకో ఇద్దరు, అలా అలా ఆదివారం నడక అని ఒకటి తయారైంది. నాలుగేళ్ళుగా ఆయన తిప్పుతున్నాడు వీళ్ళని. వీళ్ళు! చిప్సు ప్యాకెట్లతో గుట్టెక్కేవాళ్ళు. కొండ మీద సిగ్నల్ ఉంటుందా అంకుల్ అని అడిగేవాళ్ళు. పైకెళ్ళాక చుట్టూ చూడకుండా ఒకరి ఫొటో ఒకరు తీసుకుని కిందికి దిగి ఆ ఫొటోల్లో కొండని చూసుకునేవాళ్ళు. ఖాజాగూడలో ఏడాది కిందట ఎక్కిన రాయి ఈ ఏడాది లేదు, పగలగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు, ఆ ఫ్లాటు కొన్నవాడే వచ్చి, ఇక్కడేదో మంచి ట్రెక్ ఉండేదట కదంకుల్ అంటాడు. ఏం చెప్పాలి వాడికి? నీ వంటింట్లో ఉంది నాయనా, స్టవ్ కింద చూసుకో.

ఫోన్ తీసి, వస్తామన్నవాళ్ళలో ముందు తారక్‌కి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. హైందవికి చేశాడు, అదీ అంతే. వివేక్‌ది స్విచ్ఛాఫ్. ఇంకొకడి ఫోన్లో పాట వస్తోంది, ప్రేమ పాట, పొద్దున్నే ఆరు గంటలకి రోడ్డు మీద నిలబడి పరాయివాడి ప్రేమ పాట వినాల్సిన ఖర్మ. మూడు వారాలైంది గుట్ట మొహం చూసి. మొదటి ఆదివారం వాన అన్నారు. వాన నిజంగానే పడింది, సరే. రెండో ఆదివారం తనకే జ్వరం అన్నాడు. జ్వరం లేదు. ఆ సంగతి అరుణాదేవికి తెలుసు, థర్మామీటరు తెచ్చి చూసి, ఏమీ అనకుండా డబ్బాలో పెట్టేసింది. ఇది మూడోది. అనంతగిరి. చిన్న నడక, నీడ, చెట్లు, గుడి, తప్పిపోవడానికి వీల్లేని దారి. కావాలనే అది ఎంచుకున్నాడు. తప్పిపోవడానికి వీల్లేని దారి అని మెయిల్లో రాశాడు కూడా, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, పంపేముందు కొట్టేశాడు. అయినా వీళ్ళు రాకపోవడానికీ దానికీ సంబంధం లేదు. వీళ్ళకి బద్ధకం. శనివారం రాత్రి సినిమా, పొద్దున నిద్ర. రాచకొండ సంగతి వీళ్ళకి గుర్తు కూడా ఉండదు. గుర్తుంటే మాత్రం ఏముంది అందులో, ఒకమ్మాయి కాసేపు దారి తప్పింది, తను వెళ్ళి తెచ్చాడు. అంతే కదా. అంతే.

ఫోన్ మోగింది. ఎవడో ఒకడు లేచాడు అనుకుంటే అరుణాదేవి.

“వచ్చారా ఎవరన్నా?”

“వస్తున్నారు.”

“అంటే రాలేదన్నమాట. ఇంటికొచ్చేయండి, ఉప్మా వేడిగా ఉంది.”

“ఏంటే నీ గోల, ఇంకా ఆరవలేదు. పెట్టేయ్.”

పెట్టేసింది. ఇదొకటి. మనిషి ఓడిపోతాడని ముందే తెలిసినట్టు ఉప్మా చేసి పెట్టుకోవడం. సాయిలు బండి దిగి ఒళ్ళు విరుచుకుని, ఎదురుగా టీ బండి దగ్గర రెండు గ్లాసులు పట్టుకొచ్చి ఒకటి చేతికిచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. సిద్దిపేట వైపు వాడు, మూడేళ్ళుగా వాడే బండి కట్టేది, గుట్ట ఎక్కడు, కింద చెట్టు నీడన పడుకుంటాడు, వచ్చేసరికి అందరికీ చల్లటి నీళ్ళు పట్టి ఉంచుతాడు. ఒక్క గుటక తాగి, మీసం తుడుచుకుని, అడగకుండానే మొదలుపెట్టాడు.

“ఆ పొల్ల వస్తదా సార్ ఇయ్యాల?”

“ఏ పిల్ల?”

“గదే సార్, రాచకొండల తప్పిపోయిన పొల్ల. సుమశ్రీనో ఏమో. మస్తు ఏడ్చింది ఆ దినం. ఎన్క సీటుల కూసొని, ఎవ్వరికి కనబడకుంట. నాకు అద్దంల కనబడ్తది కద. ఇబ్రహీంపట్నం కాడ సురువు వెట్టి దిల్‌సుఖ్‌నగర్ దాక ఏడ్చింది.”

“భయపడి ఉంటుంది.”

“భయం కాదు సార్. భయమైతే దొరకక ముందు ఏడుస్తరు. దొరికినంక ఏమేడుపు?”

ఆ మాట అనేసి వాడు గ్లాసు పట్టుకుని అటు వెళ్ళిపోయాడు, ఎవరో బండి అడ్డం తియ్యమంటే. టీ చేదుగా ఉంది, పంచదార వెయ్యలేదో, వేసి కలపలేదో. దొరికాక ఏమేడుపు. వాడికేం తెలుసు. కింద పడుకున్నవాడు. పైన ఏం జరిగిందో తనకి తెలుసు, తనకొక్కడికే తెలుసు. అసలు మొదలుపెట్టింది తారక్. ఆ తారక్ సింగపూర్ నుంచి అరచేతిలో పట్టే యంత్రం ఒకటి తెచ్చాడు, ఆకాశంలో ఉపగ్రహాన్ని అడిగి దారి చెబుతుందట, పొద్దుటి నుంచీ అందరూ దాని చుట్టూనే. కోట గోడ కూలిన చోట, నల్లటి పెద్ద బండ పక్కన దారి రెండుగా చీలింది. తారక్ యంత్రం చూసి లెఫ్ట్ అంకుల్ అన్నాడు. తను కుడి అన్నాడు. లెఫ్టే చూపిస్తోందంకుల్. చూపిస్తే చూపించనీ, ఆ గుట్టకి గీతలు గీసింది నేను, ఎడమ దారి లోయలో పడి చచ్చిపోతుంది, మేకలు పోయే దారి అది. లేదంకుల్, లెఫ్ట్. కుడి. లెఫ్టంకుల్, చూడండి కావాలంటే, లెఫ్ట్, లెఫ్ట్. అంటూనే ఉన్నాడు వాడు చెవి దగ్గర, ఈగలాగా. తను వంగి, నడుముకి కట్టుకున్న గుడ్డ సంచిలోంచి ముగ్గుపిండి తీసి, వెనక వచ్చేవాళ్ళ కోసం బండ మీద బాణం వేస్తున్నాడు. అది తన పద్ధతి. దారి చీలిన ప్రతి చోటా బాణం. వెనకపడ్డవాళ్ళు బాణం పట్టుకుని రావాలి. ఇరవై నిమిషాలు నడిచినా తర్వాతి బాణం కనపడకపోతే ఉన్నచోటే కూర్చోవాలి, కదలకూడదు, నేనే వచ్చి తీసుకెళ్తాను. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ తప్పిపోలేదు ఈ పద్ధతిలో. బాణం వేశాడు, చెయ్యి దులుపుకున్నాడు, లేచి, నాతో రండి ఎవరు కరెక్టో చూద్దాం అని కుడికి తిరిగి నడిచాడు. ముప్పావుగంటలో శిఖరం మీద ఉన్నారు. తారక్ రెండు చేతులూ జోడించి, ఒప్పుకున్నానంకుల్, మీ ముందు ఉపగ్రహం దండగ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు! అరవై రెండేళ్ళ మనిషి, అంత ఎండలో, చిన్నపిల్లాడిలాగా పొంగిపోయాడు.

తర్వాత తలలు లెక్కపెడితే పదమూడు. తనతో కలిపి పద్నాలుగు ఉండాలి. సుమశ్రీ లేదు. ఎప్పుడూ ఆఖరున వచ్చే పిల్ల, సీతాఫలం మొక్క దగ్గర ఆగుతుంది, తొండ దగ్గర ఆగుతుంది, రాయి మీద నాచు దగ్గర ఆగుతుంది, వీళ్ళందరిలోకీ గుట్టని గుట్టలాగా చూసే పిల్ల అదొక్కతే. మీరు ఇక్కడే ఉండండి అని చెప్పి ఒక్కడే దిగాడు. నల్లబండ దగ్గరికి వచ్చి చూస్తే బాణం తెల్లగా, చక్కగా, అరుణాదేవి ముగ్గులా ఒక్క చోట తెగకుండా, ఎడమకి ఉంది.

లెఫ్ట్ లెఫ్ట్ అని వాడు చెవిలో గొణిగిందే చేతిలోకి దిగిపోయింది. నోరు కుడి అంటూంటే చెయ్యి ఎడమ గీసింది. అప్పుడు, ఆ ఎండలో, పిల్ల ఎటు పోయిందో ఏమైందో తెలియని ఆ నిమిషంలో, మనిషి చెయ్యాల్సిన పని ఎడమ దారిన పరిగెత్తడం. తను చేసింది అది కాదు. ముందు బూటుతో రాశాడు. పోలేదు. అరచేత్తో రుద్దాడు. తెల్ల మరక ఇంకా మిగిలింది. సీసా మూత తీసి నీళ్ళు పోసి కడిగాడు, లీటరు సీసా, సగం పైన ఉన్నాయి నీళ్ళు, ఆఖరి చుక్క దాకా పోసి కడిగాడు. జూన్ ఎండకి బండ నిమిషంలో ఆరింది. ఆరిన బండ మీద మళ్ళీ కూర్చుని పొందికగా కుడికి బాణం వేశాడు. అప్పుడు నడిచాడు ఎడమకి.

అరమైలు లోపలే ఉంది పిల్ల. మోదుగ చెట్టు కింద రాయి మీద, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, గంటకి పైగా. తనని చూడగానే లేచి నవ్వింది. వస్తారని తెలుసంకుల్, బాణం కనపడకపోతే కదలొద్దన్నారుగా, కదల్లేదు అంది. పెదవులు ఎండి తెల్లగా అయి ఉన్నాయి. నీళ్ళున్నాయా అంకుల్ అంది. అయిపోయాయి అన్నాడు. ఆ తర్వాత, నోట్లోంచి వచ్చేసింది, ఎక్కడి నుంచి వచ్చిందో అంత కోపం, కళ్ళు కనపడవా నీకు, బాణం ఎటుంది, నువ్వెటు వచ్చావు, ఎడమేదో కుడేదో తెలియని మనుషులు గుట్టలెందుకు ఎక్కుతారు? పిల్ల బిత్తరపోయింది. ఎడమకే ఉందంకుల్ అంది. అక్కడితో ఆగినా బాగుండేది. నల్లబండ దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్ళు కంగారుపడి దిగి అక్కడ చేరి ఉన్నారు. తారక్ గబగబా నీళ్ళ సీసా ఇచ్చాడు. పిల్ల గటగటా తాగుతూంటే, తనే, తన నోటితోనే, ఏదీ సుమశ్రీ, అందరికీ చూపించు, బాణం ఎటుందో చెప్పు అన్నాడు. తాగడం ఆపి బండకేసి చూసింది. చాలాసేపు చూసింది. అటు తిరిగి, ఇటు తిరిగి చూసింది. చివరికి, నేనే సరిగ్గా చూడలేదేమో అంది. ఎవరో పర్లేదులే అన్నారు. ఎవరో నవ్వారు.

ఆరూ పదిహేను. ఎవరూ రాలేదు. రాకపోతేనే మంచిది. మొదటి నుంచీ రాకూడదనే ఉందేమో తనకి. ఈ విసుగు, ఈ చిరాకు, వీళ్ళ మీద, అలారాల మీద, గోడ మీద కాగితాల మీద, అన్నం తిన్నట్టు మూడు వారాలుగా మూడు పూటలా తింటున్నాడు, అరుణాదేవి పప్పులో ఉప్పు మీద, పేపర్ ఆలస్యం మీద. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి పటంలో ఒక బావిని వాగుకి ఈవల వెయ్యాల్సింది ఆవల వేశాడు. పై అధికారి సూర్యనారాయణ గారికి తనే వెళ్ళి చెప్పాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసి, సవరణ కాగితం రాసి పెట్టవయ్యా, దానికింత మొహం ఎందుకు అన్నాడు. అంతే. సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగారు. ముప్ఫై నాలుగేళ్ళలో అలాంటివి ఎన్ని రాసి ఉంటాడు, పదో, పన్నెండో, ఒక్కసారి కూడా ప్రాణం మీదికి రాలేదు. మరి ఆ బండ మీద ఏమొచ్చింది? చప్పట్లు. చప్పట్లు కొట్టించుకున్న చెయ్యే అది గీసిందని చెప్పాలంటే నోరు రాలేదు. ఛీ. ఇంత చిన్న కారణమా. ఇంకా ఏదన్నా పెద్దది ఉంటే బాగుండు, వయసు అనో, ఎండ అనో, మతిమరుపు అనో. మతిమరుపు కాదు, అన్నీ గుర్తున్నాయి, సీసాలో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో కూడా గుర్తుంది. వెళ్ళిపోదాం. సాయిలుకి చెప్పి బండి పంపేసి ఇంటికి వెళ్ళి ఆ ఉప్మా తిందాం.

“గుడ్ మార్నింగ్ అంకుల్! లేటయిందా?”

ఎస్.ఆర్. నగర్ వైపు నుంచి, చెమట పట్టి, పరిగెత్తినట్టుంది, సుమశ్రీ. వస్తానని చెప్పని మనిషి. మెయిలుకి జవాబివ్వని మనిషి. తొమ్మిది మందిలో లేని మనిషి వచ్చింది.

“రాననుకున్నారు కదూ. నిజానికి నేనూ రాననే అనుకున్నా. పొద్దున మెలకువొచ్చింది, హాస్టల్లో పడుకుని ఏం చేస్తాను అని వచ్చేశా. ఎవరూ రాలేదా ఇంకా?”

“లేదమ్మా.”

సంచి దింపి, మెట్టు మీద పక్కన కూర్చుంది. అమలాపురం పిల్ల. ఏడాది అయింది ఈ ఊరొచ్చి, పంజాగుట్టలో ఏదో కంపెనీలో టెస్టింగు ఉద్యోగం. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడమే పని అని ఒకసారి చెప్పింది, ఆయనకి నచ్చింది ఆ పని. కుడి చేతి మణికట్టుకి నల్ల రబ్బరు బ్యాండు ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, చేతికి అదేంటమ్మా అని అడిగాడు.

“అదా,” అని నవ్వింది. “ఇది కుడి అని గుర్తంకుల్. మీరు కళ్ళు కనపడవా అన్నారు కదా, పంజాగుట్టలో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళా. చుక్క తేడా లేదమ్మా, కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. అంటే తేడా బుర్రలోనే అన్నమాట. ఏదైనా చూసినప్పుడు ఒకసారి దీన్ని పట్టుకుని చూసుకుంటున్నా.”

ఆయనకి టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“ఆఫీసులో కూడా అంతే అయిందంకుల్. ఒక స్క్రీన్లో పుట్టినరోజు వేస్తే తారీఖు నెలలోకి, నెల తారీఖులోకి మారిపోతున్నాయి. నేను చూశా. తప్పని రాశా. అది రాసినతను వచ్చి, అదేం లేదు, నువ్వే సరిగ్గా చూడలేదు అన్నాడు. ఇంతకు ముందైతే పోట్లాడేదాన్ని, తెలుసా? ఈసారి, నిజంగానే సరిగ్గా చూడలేదేమో అనిపించింది. కొట్టేశా. గురువారం క్లయింటు చూశాడు దాన్ని. నాకింకా ప్రొబేషనే. రేపు హెచ్చార్ వాళ్ళు రమ్మన్నారు.” సంచి దగ్గరికి లాక్కుని, “పోన్లెండి, అనంతగిరిలో చాలా చెట్లుంటాయట కదా?” అంది.

నెమళ్ళు కూడా ఉంటాయి అని నోటిదాకా వచ్చింది. అదే చెప్పి ఉంటే రోజు గడిచిపోయేది. నెమళ్ళ గురించి మాట్లాడుకుంటూ వికారాబాద్ దాకా వెళ్ళేవాళ్ళు. మూడు వారాలుగా ఈ పిల్ల తన కళ్ళని తను నమ్మకుండా ఈ ఊళ్ళో రోడ్లు దాటుతోంది.

“బాణం ఎడమకే ఉందమ్మా,” అన్నాడు.

“ఏ బాణం?”

“రాచకొండలో. నువ్వు చూసింది నిజమే. ఎడమకి వేసింది నేనే. పొరపాటున వేశాను. నిన్ను వెతుక్కుంటూ వచ్చినప్పుడు చూసుకున్నాను. కడిగేసి, కుడికి మళ్ళీ వేశాను. ఆ తర్వాత వచ్చాను నీ దగ్గరికి.”

ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాలేదని మొహంలో కనపడింది. తర్వాత ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది, అదీ కనపడింది. చూడకుండా తల తిప్పుకోవాలనిపించి, తిప్పుకోలేదు.

“కడిగారా? దేంతో?”

“నీళ్ళతో.”

“ఏ నీళ్ళతో?”

ఆయన చెయ్యి సంచిలో సీసా ఉన్న చోటికి పోయింది.

“అయిపోయాయన్నారు,” అంది సుమశ్రీ. గొంతు పెరగలేదు. “నేను అడిగితే అయిపోయాయన్నారు మీరు.”

“అవును.”

లేచి నాలుగడుగులు వేసి వ్యాను దాకా వెళ్ళింది. వెళ్ళిపోతోందనుకున్నాడు, వెళ్ళిపోతే న్యాయమే అనుకున్నాడు. సాయిలు అద్దం తుడుస్తున్నవాడల్లా ఆపి చూస్తున్నాడు. ఆమె వ్యాను తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, మణికట్టు మీది బ్యాండు లాగి, జుట్టు వెనక్కి లాక్కుని బిగించి కట్టుకుని, తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

“ఎందుకంకుల్?”

“పైన అందరూ నాకు చప్పట్లు కొట్టారు, దారి సరిగ్గా చెప్పానని,” అన్నాడు.

“చప్పట్లా?” అంది. ఆ ఒక్క మాటలో ఎంత విసుగు ఉందో, పొద్దుటి నుంచీ తను పడ్డ విసుగంతా దాని ముందు దేనికీ పనికిరాదనిపించింది. “తప్పు వెయ్యడం సరే. అందరి ముందూ నిలబెట్టి చూపించమన్నారు. నేను నిలబడి చూశా. పిచ్చిదానిలా నిలబడి చూశా.”

“తప్పే. ఏమన్నా పడతాను.”

“నేననడం కాదు. ఆ రోజు అక్కడున్న వాళ్ళకి చెప్పండి.”

“చెబుతానమ్మా. అందరూ కలిసినప్పుడు…”

“ఎప్పుడు కలుస్తారు? ఇవాళ ఎంతమంది వచ్చారో చూస్తున్నారుగా.”

సరిగ్గా అప్పుడే ఆయన చేతిలో ఫోన్ మోగింది. తారక్. సుమశ్రీ కూడా పేరు చూసింది. ఎత్తమన్నట్టు చూసింది.

“సారీ అంకుల్,” తారక్ గొంతు నిద్రలో ఉంది. “రాత్రి మూడింటిదాకా ఆఫీసులోనే, ఇప్పుడే చూశా మీ కాల్, మీరు బయల్దేరిపోయుంటే…”

“తారక్, ఒక మాట విను.” పక్కన బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది, అది పోయేదాకా ఆగాడు. “రాచకొండలో బాణం సుమశ్రీ చెప్పినట్టు ఎడమకే ఉంది. నేనే తప్పు వేశాను. తర్వాత నేనే కడిగి మార్చాను. ఆ అమ్మాయి తప్పేం లేదు. నేను అబద్ధం ఆడాను.”

అవతల మంచం కిర్రుమన్న చప్పుడు, లేచి కూర్చున్నట్టుంది.

“అంకుల్, జోకా?”

“కాదు.”

“మరి దారి? దారి కుడిదే కదా, మనం పైకి వెళ్ళాం కదా?”

“దారి కుడిదే. నేను చెప్పిందే కరెక్టు. బాణమే తప్పు.” ఆ ‘నేను చెప్పిందే కరెక్టు’ అన్న ముక్క అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు కూడా నోరు ఊరుకోలేదు.

“ఆమెకి తెలుసా?” అన్నాడు తారక్, గొంతు మారిపోయి. “మేమందరం ఆ రోజు… నేను నవ్వానంకుల్. నవ్వింది నేనే.”

“పక్కనే ఉంది.”

ఫోన్ అందించబోయాడు. సుమశ్రీ వద్దని చెయ్యి ఊపింది. తర్వాత మాట్లాడతానంది. ఆయన పెట్టేశాడు. షర్టు వీపుకి అతుక్కుపోయింది. ముప్ఫై అడుగులు నిటారు రాయి ఎక్కినా ఇంత ఆయాసం రాదు. ఎదురుగా గోడ మీద కాగితాలంటించే మనిషి బకెట్టు ఎత్తుకుని తర్వాతి గోడకి వెళ్ళాడు. సాయిలు వచ్చి, వ్యాను తలుపు మూసి, ఇంకా ఎంతసేపు అని కూడా అనకుండా, మెట్టుకి అవతలి చివర కూర్చున్నాడు.

“తర్వాత?” అంది సుమశ్రీ.

“తర్వాత ఏంటమ్మా?”

“తర్వాత ఎవరు? మీరూ నేనూ తారక్ పోతే ఇంకా పదకొండు మంది.”

ఆయన ఫోన్ కళ్ళకి దూరంగా పట్టుకుని పేర్లు చూశాడు. “హైందవి.”

“చెయ్యండి.”

“ఇందాకే చేశాను, ఎత్తలేదు. ఆదివారం కదమ్మా. నిద్రపోతూ ఉంటుంది.”

“లేపండి,” అంది.